దారి తప్పినప్పుడు స్పానిష్: అడిగే మాట ఒకటే, జవాబు ఊరికో తీరు

స్పానిష్ నేర్పే పుస్తకాల్లో దారి అడిగే పాఠం తప్పకుండా ఉంటుంది. "దోందే ఎస్తా లా ఎస్తాసియోన్?" అంటే "స్టేషన్ ఎక్కడుంది?" అని. పుస్తకంలోని మర్యాదస్థుడు ఒక్కో పదమూ విడదీసి, నేరుగా వెళ్ళి కుడికి తిరగమంటాడు. పాఠం అక్కడితో అయిపోతుంది. నిజంగా వీధిలో దారి తప్పిన మనిషికి ఈ పాఠం సగమే పనికొస్తుంది. ఆయన కొత్త చోటేదో వెతకడం లేదు, బయల్దేరిన చోటికే తిరిగి చేరాలి. ఆ చోటి పేరు గుర్తుండకపోవచ్చు, వచ్చిన దారి మాత్రం అక్కడక్కడ గుర్తుంటుంది. పైగా జవాబు చెప్పేవారు ఆ పుస్తకం చదివి ఉండరు. స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష. ప్రశ్న ఎక్కడ అడిగినా ఇంచుమించు ఒకటే. జవాబు మాత్రం ఆ ఊరిని ఎలా కట్టారు, అక్కడి జనం దిక్కును దేన్ని చూసి గుర్తిస్తారు అన్నదాన్ని బట్టి మారిపోతుంది.

అందువల్ల అందంగా అడగడం కంటే, జవాబు మనకు అందేంత చిన్నదిగా వచ్చేలా అడగడం ముఖ్యమని నా అభిప్రాయం. నిర్దుష్టమైన వ్యాకరణంతో అడిగితే ఎదుటివారు మీకు భాష బాగా వచ్చనుకుని గడగడా చెప్పుకుపోతారు. అదొక శిక్ష.

ముందుగా పలకరింపు. తిన్నగా ప్రశ్నలోకి దిగడం లాటిన్ అమెరికాలో చాలాచోట్ల మొరటుగా అనిపిస్తుంది. పగలు "బ్వేనోస్ దియాస్", మధ్యాహ్నం దాటాక "బ్వేనాస్ తార్దెస్", చీకటి పడ్డాక "బ్వేనాస్ నోచెస్" అంటారు. ఏది అనాలో తోచకపోతే ఒట్టి "బ్వేనాస్" చాలు. ఆ వెంటనే "దిస్కూల్పే", అంటే "క్షమించండి" అనాలి. స్పెయిన్‌లో దీనికి బదులు "పెర్దోనే" ఎక్కువగా వినిపిస్తుంది. తర్వాత "మే ప్వేదే అయుదార్?", "నాకు సాయం చేయగలరా?" అని.

ఆ "ప్వేదే"లో మన్నన ఇమిడి ఉంది. "చెప్పగలరా", "చెప్పగలవా" అన్న తేడాను మనం క్రియతోనే చూపినట్టు స్పానిష్‌లోనూ సర్వనామం పలకక్కర్లేదు. "ప్వేదే" అంటే మీరు, "ప్వేదెస్" అంటే నువ్వు. అర్జెంటీనాలో "నువ్వు"కు "బోస్" అనే వేరే మాట ఉంది, దాని క్రియ "పొదేస్". స్పెయిన్‌లో ముక్కూమొహం తెలియనివారు కూడా చనువుగా నువ్వు అనేసుకుంటారు. కొలంబియా రాజధాని బొగొతాలో స్నేహితులు, ఇంట్లోవాళ్ళు కూడా "ఉస్తేద్" అని మీరులోనే మాట్లాడుకోవడం మామూలు. ఇవన్నీ గుర్తుపెట్టుకునే తీరిక దారి తప్పినవారికి ఉండదు. "ప్వేదే"ని పట్టుకుంటే ఏ దేశంలోనూ ఎవరూ నొచ్చుకోరు.

ఇక అసలు సంగతి చెప్పాలి. పాఠ్యపుస్తకం నేర్పే వాక్యం "ఎస్తోయ్ పెర్దీదో". చెప్పేది స్త్రీ అయితే "ఎస్తోయ్ పెర్దీదా". తెలుగులో "తప్పిపోయాను" అనడానికి ఆడామగా తేడా లేదు కాబట్టి కంగారులో ఆ చివరి అచ్చు జారిపోవడం సహజం. జారినా అర్థం చెడదు. అసలు ఆ చిక్కే లేని వాక్యాలు రెండున్నాయి. లాటిన్ అమెరికాలో "మే పెర్దీ", స్పెయిన్‌లో "మే ఏ పెర్దీదో". రెండింటికీ "దారి తప్పాను" అనే అర్థం, ఎవరు చెప్పినా మారవు. రెండో దాంట్లో "పెర్దీదో" కనిపిస్తున్నా అక్కడ అది లింగాన్ని బట్టి మారదు. రెండక్షరాల "పెర్దీ" అన్నింటికంటే సులువు, స్పెయిన్‌లోనూ అర్థమవుతుంది.

తిరిగి వెళ్ళడానికి స్పానిష్‌లో ఒక్క క్రియ కాదు, మూడున్నాయి. స్పెయిన్‌లోనూ అర్జెంటీనాలోనూ "బొల్బేర్" వాడతారు. "కోమో బ్వెల్బో అల్ ఓతెల్?", "హోటల్‌కు తిరిగి ఎలా వెళ్ళాలి?" అని. ఇది మధ్యలో అచ్చు మార్చుకునే క్రియ, "బొల్బో" అనకూడదు. మెక్సికోలో, ఇంకా చాలా దేశాల్లో "రెగ్రెసార్" అంటారు. "కోమో రెగ్రేసో అల్ ఓతెల్?" అన్నది నోటికి తేలిక, ఎక్కడైనా చెల్లుతుంది. మూడోది "దెబొల్బేర్సే". దీన్ని మీరు వాడాల్సిన పని లేదు, చెవిన పడితే గుర్తుపట్టాలి. కొలంబియాలో, చిలీలో, మధ్య అమెరికాలో ఎవరైనా "దెబ్వెల్బాసే" అంటే "వెనక్కి వెళ్ళండి" అని. స్పెయిన్‌లో ఆ క్రియ మూలరూపం వస్తువులను తిరిగి ఇచ్చేయడానికి వాడేది. అక్కడి పుస్తకం చదివి వచ్చినవారు ఏ వస్తువు తిరిగివ్వమంటున్నారో అర్థంకాక నిలబడిపోతారు.

దీని చుట్టం "బ్వెల్తా" కూడా చెవిలో తరచుగా పడుతుంది. "దే లా బ్వెల్తా" అంటే వెనక్కి తిరగండి, "ఆ లా బ్వెల్తా" అంటే మలుపు తిరగగానే. వింటూనే వెనుదిరగకండి, ముందున్న మాట "దే"నా "ఆ"నా అన్నది పట్టుకోండి.

"దోందే ఎస్తా", "దోందే ఐ" అన్న రెండింటి మధ్యా తేడా ఉంది. ఫలానా హోటల్ ఎక్కడుంది అనడానికి మొదటిది. ఏదో ఒక ఫార్మసీ, ఏదో ఒక బస్సు స్టాపు ఎక్కడుంది అనడానికి రెండోది. లాటిన్ అమెరికాలో మొదటిదాని బదులు "దోందే కేదా" తరచుగా వినిపిస్తుంది. "ఎస్తా"లో ఒత్తు, అంటే నొక్కి పలకడం, చివరి అక్షరం మీద పడాలి. మొదటి అక్షరం మీద పడితే "ఈ" అనే అర్థం వచ్చే వేరే పదమైపోతుంది. త, ద, ఐదు అచ్చులు తెలుగువారికి శ్రమ లేకుండా పలుకుతాయి, మనల్ని ఇబ్బంది పెట్టేది ఒత్తే. "హోటల్" అని హకారం మాత్రం పలకకండి. రాతలో ఉన్న ఆ అక్షరం నోట మూగది.

అవును, కాదు అనిపించే ప్రశ్నలు

నాకు అన్నింటికంటే విలువైనదిగా తోచే వాక్యం పాఠాల్లో అరుదుగా కనిపిస్తుంది. "బోయ్ బియెన్ పారా ఎల్ సెంత్రో?", "ఊరి మధ్యకు ఇటే కదా, సరిగ్గానే వెళ్తున్నానా?" అని. దీనికి జవాబు "సీ" లేదా "నో". "నో" అయితే చెయ్యి దానంతటదే సరైన వైపు లేస్తుంది. ఇంత తక్కువ భాషతో ఇంత ఎక్కువ సమాచారం రాబట్టే ప్రశ్న మరొకటి లేదు. ఒక దిక్కు ఊహించి నాలుగడుగులు వేసి ఇలా అడగడం, కదలకుండా నిలబడి "ఎలా వెళ్ళాలి" అనడం కంటే మేలు. "ఎస్ పోర్ అకీ?", "ఇటువైపేనా?" అన్నదీ ఇలాంటిదే.

జవాబు పొడుగ్గా వస్తే మొదటి మలుపు వరకు విని అంతే నడవండి. అక్కడ ఇంకొకరిని "బోయ్ బియెన్" అని అడగండి. ఐదు మలుపుల దారిని ఒకరి నోట విని గుర్తుంచుకోవడం మాతృభాషలోనే కష్టం. "మాస్ దెస్పాసియో, పోర్ ఫబోర్" అంటే నిదానంగా చెప్పమని. "మే లో ప్వేదే మొస్త్రార్ ఎన్ ఎల్ మాపా?" అంటే మ్యాపులో చూపించగలరా అని. ఫోనులో మ్యాపు తెరిచి ఉంటే ఈ వాక్యం మిగతావాటి పనిని చాలావరకు తగ్గిస్తుంది. ఛార్జింగు అయిపోయినప్పుడే కదా అసలు అవసరం పడేది!

జవాబులోని గోతులు

అన్నింటిలోకి లోతైనది "దెరేచో", "దెరేచా". లాటిన్ అమెరికాలో "దెరేచో" అంటే నేరుగా, "దెరేచా" అంటే కుడి. "సీగా దెరేచో" అన్నప్పుడు చివరి అచ్చు వినకపోతే మొదటి సందులోనే కుడికి తిరిగి మళ్ళీ తప్పిపోతారు. అచ్చు వినబడకపోయినా ఆధారం ఒకటుంది. కుడి అయితే ముందు "ఆ లా" వస్తుంది, "ఆ లా దెరేచా" అని. నేరుగా అయితే రాదు. స్పెయిన్‌లో నేరుగా అనడానికి ఎక్కువగా "తోదో రెక్తో" అంటారు కాబట్టి అక్కడ ఈ గొడవ తక్కువ. ఎడమకు "ఇస్కియేర్దా" ఎక్కడైనా ఒకటే, దేనితోనూ కలవదు.

తిరగడానికి స్పెయిన్‌లో "హీరే", అర్జెంటీనాలో "దోబ్లే", మెక్సికో, కొలంబియాల్లో "బోల్తేయే" వినిపిస్తాయి. ఏ క్రియ వచ్చినా దాని తర్వాత వచ్చేది కుడో ఎడమో, చెవి అక్కడ పెడితే చాలు. "సూబా" అంటే ఎక్కండి, "బాహే" అంటే దిగండి. ఇవి మెట్ల గురించి కావు, ఏటవాలు వీధిలో పైకా కిందికా అని. నాలుగు రోడ్ల మధ్య గుండ్రటి కూడలిని స్పెయిన్‌లో "రొతోందా", మెక్సికోలో "గ్లొరియేతా", పెరూలో "ఓబలో" అంటారు.

దూరాన్ని లాటిన్ అమెరికాలో "క్వాద్రా"లతో చెబుతారు. ఒక అడ్డవీధి నుంచి తర్వాతి అడ్డవీధి దాకా ఒక క్వాద్రా, సుమారు 100 మీటర్లు. స్పెయిన్‌లో దాన్ని "మన్సానా" అంటారు, లేదంటే "కుడివైపు రెండో వీధి" అని వీధులు లెక్కపెట్టి చెబుతారు. అంకెల్లో "దోస్" రెండు, "దోసే" పన్నెండు. "సెసెంతా" 60, "సెతెంతా" 70. ఇంటి నంబరు వినేటప్పుడు ఈ చివరి జత బాగా మోసం చేస్తుంది. కరీబియన్ దీవుల్లో, చిలీలో, స్పెయిన్ దక్షిణాన పదం చివరి సకారాన్ని మింగేస్తారు, "దోస్ క్వాద్రాస్" కాస్తా "దో క్వాద్రా" అవుతుంది. అర్జెంటీనా రాజధాని బ్వేనోస్ ఐరెస్‌లో వీధిని, అంటే "కాయే"ని, "కాషే" అంటారు.

"అకీ నోమాస్" అంటే "ఇక్కడే", "సెర్కీతా" అంటే "దగ్గర్లోనే". ఇలాంటి ముద్దుమాటలతో వచ్చిన దూరాన్ని నమ్మకండి. అవి దూరం చెప్పడానికి కాదు, మీకు ధైర్యం చెప్పడానికి. "క్వాంతాస్ క్వాద్రాస్?", "ఎన్ని క్వాద్రాలు?" అని తిరిగి అడిగితే అంకె వస్తుంది.

ఊరి లెక్క తెలిస్తే సగం దారి తెలిసినట్టే

బ్వేనోస్ ఐరెస్‌లో ఇళ్ళ నంబర్లు క్వాద్రాకు వంద చొప్పున పెరుగుతాయి. "కొర్రియెంతెస్ అల్ 1200" అంటే కొర్రియెంతెస్ వీధిలో 1200 నంబరు దగ్గర అని. మీరు 1500 దగ్గర ఉంటే మూడు క్వాద్రాలు వెనక్కి నడవాలి, ఎవరినీ అడగక్కర్లేదు. అయితే రిబదాబియా అవెన్యూను దాటగానే ఉత్తర దక్షిణాలుగా పోయే వీధుల పేర్లు మారిపోతాయి. అదే వీధిలో నేరుగా నడుస్తూ ఉన్నా కాయావో కాస్తా ఎంత్రే రియోస్ అవుతుంది. తప్పిపోయామని అక్కడే చాలామంది అనుకుంటారు, నిజానికి తప్పరు.

బొగొతాలో వీధులకు పేర్ల బదులు అంకెలు. తూర్పు పడమరలుగా పోయేవి "కాయే"లు, ఉత్తర దక్షిణాలుగా పోయేవి "కర్రేరా"లు. కాయే 45, నంబరు 13-20 అంటే 45వ కాయేలో, 13వ కర్రేరా మూల నుంచి సుమారు 20 మీటర్ల దూరంలో అని. అడ్రసులోనే దారి ఉంది. పైగా తూర్పున కొండల వరుస ఎప్పుడూ కనబడుతూ ఉంటుంది. కొండలకు దూరంగా పడమటికి నడిచేకొద్దీ కర్రేరా అంకె పెరుగుతుంది. ఆ కొండలు కనిపిస్తున్నంతసేపు బొగొతాలో దిక్కు తెలియకపోవడమన్నది ఉండదు.

మెక్సికో నగరంలో తంటా వేరు. జాతీయ వీరుల పేర్లతో అవే వీధులు పేటపేటకూ ఉన్నాయి. "హ్వారేస్ వీధి" అంటే ఏ హ్వారేస్ అని అడుగుతారు. అందుకని పేట పేరు, అక్కడి మాటలో "కొలోనియా", తెలిసి ఉండాలి. వీధి పేరు మరిచిపోయినా కొలోనియా గుర్తుంటే బయటపడతారు. "ఎంత్రే కాయెస్", అంటే ఏ రెండు అడ్డవీధుల మధ్య అన్నదీ అడ్రసులో భాగమే. ఆ ఊరి మెట్రో మాత్రం దారి తప్పినవారికి చేసిన ఉపకారం. 1969లో మొదలైన ఈ మెట్రోలో ప్రతి స్టేషనుకూ ఒక బొమ్మ ఉంది. మొదటి మార్గాల గుర్తుల రూపకల్పన చేసింది అమెరికన్ డిజైనర్ లాన్స్ వైమన్. చపుల్తెపెక్‌కు మిడత, కొయోఅకాన్‌కు కొయోటీ అనే తోడేలు జాతి జంతువు. స్టేషను పేరు పలకలేనివారు బొమ్మ చూపిస్తే చాలు. ఉదయం ఎక్కిన స్టేషను బొమ్మ ఏమిటో చూసి పెట్టుకుంటే పేరు మరిచినా ఇబ్బంది లేదు.

ఇక కోస్తా రికా, నికరాగ్వా. ఇక్కడికి వచ్చేసరికి మన అలవాట్లన్నీ పక్కన పెట్టాలి. కోస్తా రికాలో చాలాకాలంగా అడ్రసు అంటే ఒక గుర్తు నుంచి దిక్కూ దూరమూ. "చర్చి నుంచి దక్షిణంగా 200 మీటర్లు, పడమరగా 50" అంటారు. అక్కడ 100 మీటర్లంటే టేపుతో కొలిచినవి కావు, ఒక క్వాద్రాకు మారుపేరు. గుర్తు ఇప్పుడు అక్కడ ఉండాలన్న నియమమూ లేదు. రాజధాని సాన్ హోసేలో ఒకప్పుడు కోకా కోలా ఫ్యాక్టరీ ఉన్న చోటును, అక్కడ బస్సులు ఆగే టెర్మినల్‌ను, జనం ఇంకా "లా కోకా కోలా" అనే పిలుస్తారు. సాన్ పేద్రోలో ఎప్పుడో పడిపోయిన ఒక పెద్ద మర్రిజాతి చెట్టు నుంచి, "ఆంతీగ్వో ఇగెరోన్" నుంచి, ఇళ్ళకు దారి చెబుతారు.

నికరాగ్వా రాజధాని మనాగ్వాలో ఇది ఇంకా ముదిరింది. 1972 డిసెంబరు 23న వచ్చిన భూకంపం నగరం నడిబొడ్డును కూల్చేసింది. భవనాలు పోయినా దారి చెప్పే పద్ధతి వాటినే పట్టుకుని నిలిచింది. "దే దోందే ఫ్వే", అంటే "ఒకప్పుడు ఫలానాది ఉన్న చోటి నుంచి" అని మొదలుపెడతారు. పుట్టిపెరిగినవారికి అది పాఠం, కొత్తవారికి పొడుపుకథ. దిక్కులకూ అక్కడ వేరే పేర్లు. "అల్ లాగో", సరస్సు వైపు, అంటే ఉత్తరం. "అర్రీబా", పైకి, అంటే సూర్యుడు లేచే తూర్పు. "అబాహో", కిందికి, అంటే పడమర. దక్షిణం ఒక్కదానికే మామూలు మాట వాడతారు. పైకి అన్నారని మెట్టెక్కబోతే తప్పు. క్వాద్రాకు తక్కువైన దూరాన్ని ఇంకా "బారా"ల్లో చెబుతారు. ఇది పాత స్పానిష్ కొలత, సుమారు 84 సెంటీమీటర్లు. ఇలాంటి ఊళ్ళో "ఎక్కడుంది" అని అడగడం వృథా. "బోయ్ బియెన్" ఒక్కటే గతి.

సహజమైన గుర్తులతో దిక్కు చెప్పడం స్పెయిన్‌లోనూ ఉంది. ఇంజనీరు ఇల్దెఫోన్స్ సెర్దా ప్రణాళిక ప్రకారం 1859 తర్వాత విస్తరించిన బార్సెలోనా గడుల్లో అన్ని మూలలూ ఒక్కలాగే కనిపిస్తాయి. సుమారు 113 మీటర్ల చదరాలు, ప్రతి మూలా కోసేసి ఉంటుంది. అక్కడ "లాదో మార్", సముద్రం వైపు, "లాదో మొంతాన్యా", కొండ వైపు అని చెబుతారు. వాలు ఎటుందో కాళ్ళకు తెలుస్తుంది కాబట్టి ఉత్తర దక్షిణాల కంటే ఇది నయం.

పేరే గుర్తు లేకపోతే

"నో మే అక్వేర్దో దెల్ నోంబ్రే దెల్ ఓతెల్", అంటే హోటల్ పేరు గుర్తు లేదు. ఇది చెప్పడానికి సిగ్గుపడక్కర్లేదు, కానీ దీనితో ఆపేస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఒక ఆనవాలు జోడించాలి. "ఐ ఊనా ఇగ్లేసియా ఎన్‌ఫ్రెంతే", ఎదురుగా చర్చి ఉంది. "సెర్కా దే ఊనా ప్లాసా", ఒక కూడలి మైదానానికి దగ్గర. ఆనవాలు కూడా తోచకపోతే హోటల్ గురించి అడగడం మానేసి ఊరి పెద్ద మైదానానికి దారి అడగండి. స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ 1573లో ఇచ్చిన శాసనాలు అమెరికాలో కొత్త ఊళ్ళను ఒక ప్రధాన మైదానం చుట్టూ, దాన్నుంచి తిన్నగా సాగే వీధులతో కట్టాలని చెప్పాయి. అంతకుముందు నుంచే ఆ వాడుక ఉంది. అందుకే ఊరు ఏదైనా నడుమ ఒక మైదానం, దాని పక్కన పెద్ద చర్చి ఉంటాయి. అక్కడికి చేరితే పొద్దున మీరు నడిచిన వీధి తిరిగి కంటపడే అవకాశం ఎక్కువ. దాని పేరు మాత్రం దేశాన్ని బట్టి మారుతుంది. మెక్సికోలో "సోకలో", పెరూ, చిలీల్లో "ప్లాసా దే ఆర్మాస్", కొలంబియా, వెనిజ్వేలాల్లో "ప్లాసా బొలీబార్", మధ్య అమెరికాలో "పార్కే సెంత్రాల్", స్పెయిన్‌లో చాలాచోట్ల "ప్లాసా మయోర్".

నడిచే ఓపిక లేకపోతే బస్సు. దానికీ ఒక్క పేరు లేదు. స్పెయిన్‌లో "అవుతోబూస్", మెక్సికోలో "కమియోన్", అర్జెంటీనాలో "కొలెక్తీబో", చిలీలో "మీక్రో", క్యూబాలోనూ కనరీ దీవుల్లోనూ "గ్వాగ్వా". చిలీలో గ్వాగ్వా అంటే పసిపాప, అక్కడ బస్సు కోసం ఆ మాట అడిగితే నవ్వుతారు. స్పెయిన్‌లో బస్సు ఎక్కడానికి "కొహేర్" అనే క్రియ మామూలే, మెక్సికో, అర్జెంటీనాల్లో అదే క్రియ బూతు. "తొమార్" అంటే ఎక్కడా ప్రమాదం లేదు. స్టాపును "పరాదా" అంటారు, పెరూ, చిలీల్లో "పరదేరో". ఎక్కే ముందు డ్రైవరును "బా అల్ సెంత్రో?", "ఊరి మధ్యకు వెళ్తుందా?" అని అడిగితే ఇక్కడా జవాబు సీ లేదా నో.

రాత్రివేళ, వీధిలో ఎవరూ లేనప్పుడు, తెరిచి ఉన్న దుకాణంలోకో హోటల్‌లోకో వెళ్ళి "ప్వేదే యమార్ ఉన్ తాక్సీ?", "టాక్సీని పిలవగలరా?" అనడం మంచిది. ప్రమాదం అనిపిస్తే ఫోన్ చేయాల్సిన నంబరు స్పెయిన్‌లో 112, మెక్సికోలో 911, కొలంబియాలో 123. అటువైపు అడిగే మొదటి ప్రశ్న "దోందే ఎస్తా?", మీరెక్కడున్నారు అని. కాబట్టి ఫోన్ చేసే ముందు దగ్గర్లోని మూల మీద రాసి ఉన్న రెండు వీధుల పేర్లు చదివి పెట్టుకోండి. రెండింటి మధ్య "ఈ", అంటే "మరియు", అని చేర్చి చెబితే, "కొర్రియెంతెస్ ఈ కాయావో" అన్నట్టు, అదే పూర్తి చిరునామా అవుతుంది.